ఇలినాయ్ సెంట్రల్ ల్యాండ్ గ్రాంట్: రైలుమార్గానికి పెట్టుబడిగా ఎలా పనిచేసింది?

రైల్వేకి నగదు బదులు నేల ఇచ్చిన ఏర్పాట్లలో 1850 నాటి అమెరికా చట్టానికి మంచి మార్కులే వేయాలి. లైనుకు రెండు పక్కలా ఆరేసి మైళ్ల వరకు సరిసంఖ్య సెక్షన్లు (సర్వేలో నంబర్లు వేసిన నేల ముక్కలు) ఇలినాయ్ రాష్ట్రానికి దఖలు పడ్డాయి. ఒక్కో సెక్షన్ 640 ఎకరాలు. రాష్ట్రం వాటిని ఇలినాయ్ సెంట్రల్ రైల్వే కంపెనీకి అప్పగించింది. మొత్తం దాదాపు 26 లక్షల ఎకరాలు. బేసి సెక్షన్లను కేంద్రం తన దగ్గరే ఉంచుకుని, ఎకరం కనీస ధరను 1.25 డాలర్ల నుంచి 2.50కి పెంచింది. సగం నేల ఇచ్చినా ఖజానాకు లోటు రాకుండా చూసిన ఈ లెక్కే ఇందులో అసలు పనితనం. అప్పటికే అమ్ముడైన సెక్షన్లుంటే, లైనుకు 15 మైళ్ల లోపు వేరేచోట తీసుకునే వీలుండేది.

చిక్కల్లా డబ్బు చేతికందే వేళలోనే. పట్టాలు పడకముందు ఆ నేలకు గిరాకీ ఉండదు, కూలీ మాత్రం ముందే ఇవ్వాలి. అందుకే భూమి హామీ మీద బాండ్లు అమ్మారు. రైల్వే స్థూల రాబడిలో 7 శాతం రాష్ట్రం రాయించుకుంది, గట్టి బేరం! 1856కే 705 మైళ్లు పూర్తయ్యాయి.