కొహిమా చూడ్డానికి టాక్సీ ప్యాకేజీనా, లోకల్ గైడా? రెండూ తీసుకుని చూశాం

పోయిన నవంబర్‌లో నేను, మా ఆయన, మా నాన్న ముగ్గురం నాగాలాండ్‌లో కొహిమా వెళ్ళొచ్చాం. నాన్న ఆర్మీలో చేసి రిటైరయ్యారు, సర్వీసులో ఉన్నప్పటి నుంచి, రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ సైన్యంతో జరిగిన కొహిమా యుద్ధం గురించి వింటూనే ఉన్నారు గానీ అటువైపు పోస్టింగ్ ఎప్పుడూ పడలేదు, ఒక్కసారైనా ఆ యుద్ధంలో పోయిన సైనికుల సమాధులున్న వార్ సెమెట్రీ చూడాలని ఎన్నాళ్ళ నుంచో అంటుండేవారు. ఆయన కోసమే ఈ ట్రిప్ పెట్టుకున్నాం. మొదటి రోజు ఫోన్లో బుక్ చేసుకున్న టాక్సీ ప్యాకేజీలో తిరిగాం, తర్వాత రెండు రోజులు మా హోమ్‌స్టే ఆవిడ మాట్లాడిపెట్టిన లోకల్ గైడ్‌తో తిరిగాం. రెండిటికీ నక్కకీ నాకలోకానికీ ఉన్నంత తేడా, అందుకే వివరంగా రాస్తున్నా, వెళ్ళేవాళ్ళకి పనికొస్తుంది.

ముందు పర్మిట్ సంగతి. బయటి రాష్ట్రాల వాళ్ళం మనం నాగాలాండ్ వెళ్ళాలంటే ఇన్నర్ లైన్ పర్మిట్ ఉండాలి, ఆన్‌లైన్‌లోనే అప్లై చేసుకోవచ్చు, ప్రింట్లు రెండు మూడు దగ్గర పెట్టుకోండి. రైలైనా విమానమైనా దిమాపూర్‌లో దిగాలి, అక్కణ్ణించి కొహిమా 70 కిలోమీటర్ల పైన, అంతా ఘాట్ రోడ్డు. కొన్నిచోట్ల రోడ్డు బాగా వెడల్పుగా ఉంది, కొన్నిచోట్ల కొండ విరిగిపడిన గుర్తులు ఇంకా కనిపిస్తూనే ఉన్నాయి, వానాకాలంలో ఆ దారిన వెళ్ళడం కష్టమే అనిపించింది. కొహిమా 1,400 మీటర్ల పైచిలుకు ఎత్తులో ఉంటుంది కాబట్టి నవంబర్‌లో పగలు హాయిగా ఉన్నా సాయంత్రం అయ్యేసరికి స్వెట్టర్ కావాల్సిందే.

ఇక టాక్సీ ప్యాకేజీ. ఫోన్లో చెప్పింది ఒక రోజులో ఏడు పాయింట్లు, సెమెట్రీ, కెథెడ్రల్, స్టేట్ మ్యూజియం, మార్కెట్, కిసామా అనే హెరిటేజ్ విలేజ్, ఖొనోమా అనే ఊరు, ఒక వ్యూ పాయింట్. వినడానికి బాగానే ఉంది, లిస్టు చూసి మేం కూడా సరే అనుకున్నాం. కానీ కొహిమా ఊరంతా కొండ గట్టు మీద ఉంటుంది, ఉన్నదే ఒక్క మెయిన్ రోడ్డు, దాని మీదే బస్సులు, సుమోలు, స్కూలు పిల్లల వ్యాన్లు అన్నీ, ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే మూడు కిలోమీటర్లకి అరగంట. పైగా నవంబర్‌లో అక్కడ నాలుగున్నరకే చీకటి పడిపోతుంది, మన దగ్గర ఆ టైముకి ఇంకా ఎండ ఉంటుంది కాబట్టి ఈ సంగతి మాకు తట్టలేదు, ప్యాకేజీ అమ్మినవాళ్ళకి మాత్రం తెలిసి ఉండాలి కదా. సెమెట్రీ దగ్గర దింపి ఇరవై నిమిషాల్లో ఫోటోలు దిగి వచ్చేయండి అన్నాడు డ్రైవర్. నాన్న ఏమీ అనలేదు గానీ ఆయన మొహం చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంది. ఇంత దూరం వచ్చింది దీని కోసమే. మ్యూజియంలో పరుగులాంటి నడక, కిసామా చేరేసరికి మసక చీకటి, ఖొనోమా వదిలేశారు, డబ్బులు మాత్రం మొత్తం తీసుకున్నారు. తిరిగి అడిగితే టైం మీరే వేస్ట్ చేశారన్నారు. డ్రైవర్ మంచి కుర్రాడే, జాగ్రత్తగా నడిపాడు, అతని మీద నాకు కంప్లైంట్ లేదు, ప్యాకేజీ అలా తయారు చేయడమే తప్పు.

ఆ రాత్రి హోమ్‌స్టే ఆవిడకి చెప్తే ఆవిడ వెంటనే ఒక అబ్బాయికి ఫోన్ చేసింది. అంగామీ అనే నాగా తెగ అబ్బాయి, పాతికేళ్ళుంటాయేమో, హిందీ ఇంగ్లీషు రెండూ బాగా మాట్లాడతాడు, రోడ్డు మీద వేరే తెగల వాళ్ళతో నాగామీస్ అనే ఉమ్మడి భాషలో మాట్లాడుతుంటే మనకి కూడా అక్కడక్కడా హిందీ మాటలు తగిలి అర్థమైనట్టే ఉంటుంది. పొద్దున రాగానే నాన్నని ఒకటే అడిగాడు, అంకుల్ మీరు ఏం చూడాలని వచ్చారు అని. నాన్న సెమెట్రీ అన్నారు. అయితే ఈ పూటంతా అక్కడే అన్నాడు.

ఆ పూట గురించి నేను ఎంత రాసినా తక్కువే. సెమెట్రీ ఉన్నది గారిసన్ హిల్ అనే గుట్ట మీద, పచ్చటి గడ్డి మెట్లు మెట్లుగా, ఒక్కో మెట్టు మీద వరసగా చిన్న రాళ్ళు, రాయి మీద కంచు పలక, అందులో పేరు, ర్యాంకు, రెజిమెంటు, వయసు. 19, 21, 23, ఇలాంటి వయసులే ఎక్కువ. 1,420 మంది కామన్‌వెల్త్ సైనికుల సమాధులున్నాయి అక్కడ. ముందురోజు మేం చూసింది ఇదే స్థలం, కానీ చూడలేదన్నమాటే. 1944 ఏప్రిల్ 4న జపాన్ 31వ డివిజన్ కొహిమా మీదకి వచ్చింది, ఆ పై ఏప్రిల్ 20 దాకా ఈ గుట్ట మీద ఉన్న బ్రిటిష్ ఇండియా వైపు సుమారు 2,500 మందిని చుట్టుముట్టి ఉంచారు, అందులో చాలామంది అసలు పోరాడే సైనికులే కాదు. జపాన్ వాళ్ళ లెక్క దానికి ఎన్నో రెట్లు. నీళ్ళ లైను శత్రువు చేతిలోకి పోయింది, గుట్ట మీదున్న ఒక బంగళా వెనక చిన్న ఊట ఒకటి దొరికితే రాత్రిపూట చీకట్లో పాక్కుంటూ వెళ్ళి నీళ్ళు తెచ్చుకునేవాళ్ళు. విమానాల నుంచి వదిలిన సామాను కొంత గురి తప్పి అవతలి వాళ్ళకి దొరికేది. గైడ్ ఇవన్నీ బట్టీ పట్టినట్టు చెప్పలేదు, ఇక్కడ నిలబడండి, ఇటు చూడండి, వాళ్ళు అక్కణ్ణించి వచ్చారు అని చూపిస్తూ చెప్పాడు.

అక్కడ ఒక టెన్నిస్ కోర్టు ఉంది. అప్పటి డిప్యూటీ కమిషనర్ బంగళా తాలూకు కోర్టు అది. బంగళా యుద్ధంలో పూర్తిగా నేలమట్టమైంది, కోర్టు గీతలు మాత్రం ఇప్పటికీ తెల్లగా గడ్డిలో కనిపించేలా ఉంచారు. ఒక వైపు గుట్టని కాపాడుతున్న బ్రిటిష్ ఇండియా వాళ్ళు, ఇంకో వైపు జపాన్ వాళ్ళు, మధ్యలో ఆ కోర్టు వెడల్పు అంతే. చేత్తో గ్రెనేడ్లు విసురుకునేంత దగ్గర. నాన్న ఆ గీత మీద నుంచి ఈ గీత దాకా అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచి, చివర్లో ఆగి, ఇంత దగ్గర్లో నిద్ర ఎలా పట్టుంటుందమ్మా అన్నారు. దాని పక్కనే చెర్రీ చెట్టు ఒకటుంది, యుద్ధంలో కాలిపోయిన పాత చెట్టు మొదలు నుంచే చిగురించిన చెట్టట అది.

గుట్ట పైభాగానికి వెళ్తే, దహనం చేసిన హిందూ, సిక్కు సైనికుల స్మారకం ఉంటుంది, 917 పేర్లు. ముందురోజు డ్రైవర్ ఇచ్చిన టైములో మేం ఇక్కడిదాకా ఎక్కనే లేదు. మనలో చాలామంది ఇది ఎవరో తెల్లవాళ్ళకీ జపాన్ వాళ్ళకీ జరిగిన యుద్ధం అనుకుంటారు, నేనూ అలాగే అనుకున్నా. అస్సాం రెజిమెంట్, పంజాబ్, రాజ్‌పుత్ పటాలాలు, గూర్ఖాలు అందరూ ఇక్కడ ఉన్నారు, వాళ్ళు లేకపోతే ఈ ఊరు నిలిచేది కాదు. నాన్న అన్ని పేర్లూ ఒక్కొక్కటే చదువుకుంటూ వెళ్ళారు. ముప్పావుగంట పట్టింది. ఆ అబ్బాయి ఒక్కసారి కూడా వాచీ చూడలేదు, ఒక పక్కన కూర్చుని ఉన్నాడు. అతనికి నేను అయిదు స్టార్లు ఇచ్చేది ఆ ముప్పావుగంటకే.

కింద గేటు దగ్గరున్న పెద్ద రాయి, అదే బ్రిటిష్ రెండో డివిజన్ స్మారకం, అందరూ ఫోటో దిగేది దాని దగ్గరే. మీరు ఇంటికెళ్ళినప్పుడు మా గురించి చెప్పండి, మీ రేపటి కోసం మా ఈ రోజుని ఇచ్చేశామని చెప్పండి అనే అర్థంలో దాని మీద రాసి ఉంటుంది. ఆ రాయిని కొండ మీదకి లాక్కొచ్చింది నాగాలే, గొప్పవాళ్ళ గుర్తుగా పెద్ద రాళ్ళు లాగి నిలబెట్టడం వాళ్ళ ఆచారం. యుద్ధంలో గాయపడ్డవాళ్ళని మోసిందీ, దారి చూపిందీ, సామాను భుజాన ఎత్తుకుని కొండలెక్కిందీ కూడా వాళ్ళే, అంత చేసి వాళ్ళ ఊరు మాత్రం మొత్తం తగలబడిపోయింది. గైడ్ వాళ్ళ నానమ్మ అప్పటికి చిన్నపిల్లట, ఊరు వదిలేసి నెలల తరబడి అడవిలో ఉన్నారట, తిరిగొచ్చేసరికి ఇల్లు ఎక్కడుందో గుర్తుపట్టడానికి కూడా ఏమీ మిగల్లేదని చెప్పేదట. ఇది ఏ టాక్సీ ప్యాకేజీలోనూ దొరకదు.

మధ్యాహ్నం ఆరదూరా కొండ మీద కెథెడ్రల్ చూశాం, చెక్కతో చేసిన భారీ శిలువ ఉంది లోపల, యుద్ధంలో చనిపోయిన జపాన్ సైనికుల కుటుంబాల తరఫున జపాన్ నుంచి కూడా దీని నిర్మాణానికి విరాళాలొచ్చాయట. ప్రశాంతంగా ఉంది, అరగంట చాలు. తర్వాత కిసామా. ఏటా డిసెంబర్ 1 నుంచి 10 దాకా హార్న్‌బిల్ ఫెస్టివల్ జరిగేది అక్కడే, 2000 నుంచి జరుగుతోంది. ఫెస్టివల్ టైములో వెళ్తే డాన్సులు, పాటలు అన్నీ చూడొచ్చు, కానీ రూములు దొరకవు, రేట్లు మండిపోతాయి. మేం వెళ్ళినప్పుడు జనం లేరు, ఒక్కో తెగ మొరుంగ్ లోపలికి వెళ్ళి నింపాదిగా చూశాం. మొరుంగ్ అంటే పెళ్ళికాని కుర్రాళ్ళు కలిసి పడుకుని, పెద్దల దగ్గర పనులూ పాటలూ యుద్ధవిద్యా నేర్చుకునే ఇల్లు. పెద్ద మాను తొలిచి చేసిన డప్పు లాంటిది ఒకటి ఉంటుంది, మా ఆయనకి అది తెగ నచ్చేసింది. అక్కడే రెండో ప్రపంచ యుద్ధం మ్యూజియం కూడా ఉంది, నాన్నకి ఇంకో గంట.

మూడో రోజు మొత్తం ఖొనోమాకే ఇచ్చాం. కొహిమా నుంచి 20 కిలోమీటర్లే గానీ రోడ్డు నడుం విరిగేలా ఉంది, ఇది ముందే చెప్పాలి. ఊరు మాత్రం అద్భుతం. 1879లో బ్రిటిష్ పొలిటికల్ ఆఫీసర్ డామంట్‌ని చంపి, నెలల తరబడి ఇంగ్లీషు సైన్యాన్ని నిలవరించిన ఊరిది, రాతి కోటలు, రాతి మెట్లు, చెక్కిన పెద్ద గేటు ఇప్పటికీ ఉన్నాయి. వేటే ప్రాణంగా బతికిన ఊరు 1998లో తమ అడవిలో వేట మానేసి ట్రాగోపాన్ అనే పిట్ట కోసం శాంక్చురీ పెట్టుకుంది, ప్రభుత్వం చెప్తే కాదు, ఊరే కూర్చుని నిర్ణయించుకుంది. కింద లోయంతా మెట్ల పొలాలు, మేం వెళ్ళేసరికి కోతలు దాదాపు అయిపోయాయి. పోడు చేసే చోట్ల ఆల్డర్ చెట్లని మొదలంటా కొట్టరు, తల మాత్రమే నరుకుతారు, ఆ చెట్టు వేళ్ళు భూమికి నత్రజని ఇస్తాయి, మళ్ళీ చిగురిస్తుంది, అలా తరతరాలుగా అవే చెట్లు. మా తాతగారిది వ్యవసాయమే కాబట్టి నాకు ఇది వింటుంటే ఎంత ఆనందం వేసిందో. వీధుల్లో చెత్త కోసం వెదురు బుట్టలు పెట్టారు, చెత్త కనపడదు. అయితే మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి ఆ మెట్లు కష్టం, నాన్న సగం దాకా ఎక్కి ఒక ఇంటి అరుగు మీద కూర్చుండిపోయారు, ఆ ఇంటావిడ టీ ఇచ్చి డబ్బులు తీసుకోలేదు.

తిండి సంగతికొస్తే గల్హో అని అన్నం, ఆకుకూరలు, పొగబెట్టిన మాంసం వేసి జావలా వండుతారు, చలిలో వేడివేడిగా చాలా బాగుంటుంది. మాంసం తినని వాళ్ళకి ఉడకబెట్టిన కూరలు, పప్పు, చట్నీ, అంతకన్నా ఎక్కువ ఆశించొద్దు. చట్నీలో రాజా మిర్చి ఉంటుంది జాగ్రత్త, కారం తినడం మనకి అలవాటే అనుకుని మా ఆయన ఒక చెంచాడు వేసుకుని పావుగంట మాట్లాడలేకపోయారు. మార్కెట్లో పట్టుపురుగులు, కప్పలు, నత్తలు అమ్ముతారు, అది వాళ్ళ రోజువారీ తిండి, వింతగా మొహాలు పెట్టి వీడియోలు తీయకండి, అడిగి తీసుకోండి. గైడ్ అడిగి పెడితే అమ్మే ఆవిడలు నవ్వుతూ అన్నీ చూపించారు.

గైడ్ సర్వీసులో లోపాలు లేవని కాదు. అతనికి సొంత బండి లేదు, టాక్సీ విడిగా మాట్లాడుకోవాల్సి వచ్చింది, రెండూ కలిపితే రోజుకి ప్యాకేజీ కన్నా సుమారు పదిహేను వందలు ఎక్కువే అయింది. మూడో రోజు ముప్పావుగంట లేటుగా వచ్చాడు, ఫోన్ కూడా ఎత్తలేదు, ఆ లేటు వల్ల స్టేట్ మ్యూజియం రెండోసారి చూద్దామనుకున్నది కుదర్లేదు. ఒక్కరోజే ఉండి అన్నీ పైపైన చూసి పోదామనుకుంటే ప్యాకేజీనే చవక, కాదనను, కానీ ఖొనోమా అందులోంచి తీసేయమని ముందే చెప్పి రేటు తగ్గించమనండి, ఎలాగూ తీసుకెళ్ళలేరు.

బుకింగ్‌కి ఆన్‌లైన్‌లో వెతక్కండి, హోమ్‌స్టేలో అడగండి, అంగామీ ఊళ్ళ వాళ్ళయితే ఇంకా మంచిది. పొద్దున ఆరున్నరకల్లా బయల్దేరండి, మూడున్నరకి చివరి చోటుకి చేరిపోవాలి. ఆదివారం పెట్టుకోవద్దు, అందరూ చర్చికి వెళ్తారు, షాపులు, మార్కెట్ మూసే ఉంటాయి. సెమెట్రీ మాత్రం మొదటి పూటే పెట్టుకుని, పైనున్న ఆ 917 పేర్ల దాకా ఎక్కండి.