గుర్తులు, సంకేతాల మీద ఆన్‌లైన్ కోర్సు: ఆరు వారాలు చేశాక నా రివ్యూ

మీడియాలో కనిపించే గుర్తులకి అర్థం ఎక్కడి నుంచి వస్తుంది అనే దాని మీద ఆరు వారాల ఆన్‌లైన్ కోర్సు ఒకటి మొన్ననే పూర్తి చేశా. మొదటి వారం కాస్త ఓపిక పట్టాలి, అంతా స్విట్జర్లాండ్ భాషావేత్త సొస్యూర్ గురించే. ఆయన పోయిన మూడేళ్లకి, 1916లో, స్టూడెంట్స్ రాసుకున్న నోట్సుల ఆధారంగా వేసిన పుస్తకం నుంచి మొదలుపెడతారు. చెట్టు అనే మాటకీ ఆ చెట్టుకీ పుట్టుకతో వచ్చిన చుట్టరికం ఏమీ లేదు, మనందరం అలా అంటున్నాం కాబట్టి అది చెట్టు. ఓస్ ఇంతేనా అనుకున్నా గానీ, సేవ్ బటన్ మీద ఫ్లాపీ బొమ్మ చూపించేసరికి ఆగిపోయా. ఫ్లాపీని జన్మలో చూడని పిల్లలు కూడా ఆ బొమ్మని టక్కున సేవ్ అనేస్తారు కదా!

అసలు కోర్సంతా ఒకెత్తు, మూడో వారం ఒకెత్తు. ఫ్రెంచ్ రచయిత రోలాండ్ బార్త్ ఒక పత్రిక కవర్ ఫొటో గురించి 1957లో రాశాడు, దాన్ని తీసుకుని దాదాపు అరగంట దాని మీదే ఉంటారు. ఫ్రెంచ్ యూనిఫాంలో ఒక నల్లజాతి కుర్రాడు సెల్యూట్ కొడుతుంటాడు, కళ్లు పైకెత్తి ఉంటాయి. జెండా ఫొటోలో ఎక్కడా లేదు, ఆ చూపుని బట్టి మనమే అక్కడ జెండా పెట్టేసుకుంటాం, ఆ వెనకాలే ఫ్రాన్స్ సామ్రాజ్యం రంగు తేడా లేకుండా అందర్నీ కలుపుకుపోతోంది అనే మాట కూడా చడీచప్పుడు లేకుండా లోపలికొచ్చేస్తుంది. ఆ తర్వాత హోంవర్క్, న్యూస్ ఛానల్ సౌండ్ తీసేసి పది నిమిషాలు చూడమన్నారు. చూశా. కింద ఎర్ర పట్టీ, లావు అక్షరాలు, గిర్రున తిరిగే గ్రాఫిక్... నాకు కంగారు ముందొచ్చింది, తీరా చదివితే అది పొద్దున విన్న వార్తే.

నచ్చనివి కూడా చెప్పాలి. అమెరికన్ తత్వవేత్త పర్స్ గుర్తుల్ని మూడు రకాలుగా విడగొట్టిన ఐకాన్, ఇండెక్స్, సింబల్ పాఠం బాగుంది, పోలికతో పనిచేసేది ఐకాన్, పొగని చూసి నిప్పు ఉందనుకోవడం ఇండెక్స్, అందరం ఒప్పుకున్న అలవాటుతో అర్థమయ్యేది సింబల్ అని ఈజీగా చెప్పారు. కానీ క్విజ్‌లో ఫొటో ఏది అని అడిగితే నేను ఐకాన్, ఇండెక్స్ రెండూ టిక్ పెట్టా, తప్పన్నారు! ఫొటోలో పోలిక ఒక్కటే కాదండీ, ఆ మనిషి మీద పడ్డ వెలుగే వచ్చి ఫిల్మ్ మీద అచ్చు పడింది, అది పర్స్ చెప్పిందే. మెయిల్ పెట్టి మూడు వారాలైంది, జవాబు లేదు. ఇక బ్రిటన్‌లో మీడియా, సంస్కృతి మీద పనిచేసిన స్టువర్ట్ హాల్ పాఠం పావుగంటలో లాగించేశారు. టీవీ వాళ్లు పెట్టిన అర్థాన్ని చూసేవాళ్లు ఉన్నదున్నట్టు తీసుకోవచ్చు, కొంత ఒప్పుకుని కొంత వదిలేయొచ్చు, అస్సలు కాదని ఎదురు తిరగొచ్చు అని 1973లోనే చెప్పిన మనిషికి ఒక వారం మొత్తం ఇవ్వాల్సింది, మనలాంటి చూసేవాళ్ల గురించి మాట్లాడింది ఆ పాఠం ఒక్కటే.

యాడ్స్, డిజైన్, జర్నలిజంలో ఉన్నవాళ్లు తప్పకుండా చేయండి. నాలుగు స్టార్లు ఇస్తున్నా, ఆ క్విజ్ సరిచేస్తే ఐదోది కూడా ఇచ్చేస్తా.