కొత్త టీకాకి ఎంత పెడతారు? జనాన్ని ఎలా అడిగితే మేలు?

సర్వే మొదలుపెట్టబోయే విద్యార్థులు నన్ను పదేపదే అడిగే ప్రశ్న ఇది. మహమ్మారి వేళ కొత్త టీకాకి జనం ఎంత ఖర్చు పెట్టుకుంటారో తెలియాలంటే "మీరు ఎంత ఇస్తారు?" అని సూటిగా అడగాలా, ఒక ధర చెప్పి "ఇంతకైతే వేయించుకుంటారా?" అని అడగాలా? 2020లో, కోవిడ్ టీకా ఇంకా రాకముందు, నేనూ ఈ తర్జనభర్జన పడి చివరికి రెండోదే ఎంచుకున్నాను.

సూటి ప్రశ్నలో సుఖం లేకపోలేదు. ఒక్కొక్కరి నుంచి ఒక్కో అంకె నేరుగా వస్తుంది, తక్కువ మందితో పని అయిపోతుంది. కానీ అప్పటికి ఎవరూ కళ్లతో చూడని టీకా అది. ముందుగా కొద్దిమందికి ఫోన్ చేసి చూశాను. ఒకాయన కాసేపు ఆలోచించి, "మామూలుగా ఎంతుంటుందండీ?" అని నన్నే ఎదురడిగారు. నిజమే, కౌంటర్ దగ్గర ఎవరూ "మీకు తోచినంత ఇవ్వండి" అనరు. ధర చెబుతారు, మనం తీసుకుంటాం లేదా వెనక్కి తిరుగుతాం. మనకు అలవాటైన నిర్ణయం అదే.

1989లో ఎక్సాన్ వాల్డెజ్ ఓడ నుంచి అలాస్కా తీరంలో చమురు ఒలికాక, మార్కెట్ ధర లేనివాటికి విలువ కట్టడంపై అమెరికాలో పెద్ద వాదమే నడిచింది. ఆర్థికవేత్తలు కెన్నెత్ ఆరో, రాబర్ట్ సోలో నేతృత్వంలోని నిపుణుల బృందం 1993లో ధర చెప్పి అడిగే ఈ అవును-కాదు పద్ధతి వైపే మొగ్గింది. జవాబు తర్వాత "ఎందుకు?" అని కూడా అడగమంది. చాలామంది ఎగ్గొట్టేది ఈ రెండో ముక్కనే. నాకు అసలు కీలకం అక్కడే కనిపిస్తుంది.

ఎందుకంటే "వద్దు"లు అన్నీ ఒకటి కావు. చేతిలో డబ్బు లేక ఒకరు, ఇంత తొందరగా తయారైన టీకా మీద నమ్మకం లేక మరొకరు వద్దంటారు. ఇందాక ఫోన్లో నన్నే ఎదురడిగిన పెద్దాయనకి ధర చెప్పి అడిగితే క్షణంలో "వద్దండీ" అన్నారు. ఎందుకని అడిగితే, "ప్రభుత్వం ఊరికే వెయ్యాలిగానీ!" మరి ఉచితంగా ఇస్తే? "మొదటి రోజే వెళ్తా." ఈయన జవాబుని సున్నాగా రాసుకుంటే టీకాకి విలువే లేదని లెక్క తేలుతుంది. సూటి ప్రశ్నకీ ఈ "ఎందుకు" తగిలించొచ్చు, కాదనను. కానీ అక్కడ ఎవరైనా సున్నా అంటే అది ధర మీద కోపమో, టీకా మీద అనుమానమో విడదీయడం ఇంకా కష్టం.

అవును-కాదుకీ ఖర్చుంది. రకరకాల ధరలు రకరకాల మందికి చెప్పాలి కాబట్టి శాంపిల్ పెద్దది కావాలి. పైగా జేబులోంచి డబ్బు పోదు కదా అని భయంలో "సరే" అనేసేవాళ్లుంటారు. ఈ డబ్బు వేరే ఖర్చులోంచి తీయాలని ముందే గుర్తుచేస్తే ఆ తొందరపాటు కొంత తగ్గుతుంది, పూర్తిగా పోదు. జవాబుని బట్టి రెండో ధర కూడా చెబితే తక్కువ మందితోనే ఎక్కువ తెలుస్తుంది, కాకపోతే అవతలివాళ్లు బేరం మొదలైందని పసిగడతారు.

వేరే పద్ధతులూ ఉన్నాయి. ఒక అంకెతో మొదలుపెట్టి జవాబుని బట్టి పెంచుతూ తగ్గిస్తూ పోయే వేలంపాట పద్ధతిలో మీరు మొదలుపెట్టిన అంకె చుట్టూనే జవాబులు తిరుగుతాయి. రకరకాల ధరలు రాసిన కార్డు చూపించి ఒకటి ఎంచుకోమంటే కార్డులోని పై అంకె, కింది అంకె జవాబుని లాగుతాయి. సామర్థ్యం, డోసుల సంఖ్య, దుష్ప్రభావాల్లో దేనికి జనం ఎంత విలువిస్తారో విడివిడిగా కావాలంటే మాత్రం రెండు మూడు టీకాలు పక్కపక్కన పెట్టి ఎంచుకోమనే పద్ధతే దిక్కు. ఫోన్లో అది పెట్టకండి, మూడో ప్రశ్నకే లైన్ కట్ చేస్తారు.