డ్రమ్స్ నొటేషన్‌కి స్ఫోర్జాండో శాంప్లర్: ఏడాది పైన వాడినాక రాస్తా ఉన్నా

నేను అనంతపురంలో పిల్లలకి డ్రమ్స్ నేర్పిస్తా, పెళ్లిళ్ల సీజన్ వచ్చిందంటే ఆర్కెస్ట్రాలో ప్యాడ్స్ వాయిస్తా. పాఠం కాగితం మీద రాసిచ్చినా పిల్లోళ్లు ఇంటికి పోయినాక ఫోన్ చేసి "సార్, రెండో లైను ఎట్లా వినపడాల?" అని అడుగుతారు, అది న్యాయమైన ప్రశ్నే, అందుకే రాసిందాన్ని కంప్యూటరే వాయిస్తే ఆ ఆడియో వాట్సాప్‌లో పెట్టేయొచ్చు అని శాంప్లర్ల వెంట పడినా, అంటే రికార్డ్ చేసిన శబ్దాల్ని మన రాత ప్రకారం మోగించే సాఫ్ట్‌వేర్లు. చాలా మార్చి మార్చి ఇప్పుడు ఒక దారిలో నిలబడినా: మ్యూజ్‌స్కోర్‌లో రాయడం, మిడి ఫైల్‌గా (ఏ నోట్ ఎప్పుడు, ఎంత బలంగా అన్నదే ఉంటాది, శబ్దం ఉండదు) బయటికి తీయడం, రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో వేయడం, శబ్దం మాత్రం స్ఫోర్జాండో. ఈ రివ్యూ ఆ స్ఫోర్జాండో గురించే.

ముందు ఖర్చు చెప్తా. మ్యూజ్‌స్కోర్ ఉచితం. ప్లోగ్ కంపెనీ వాళ్ల స్ఫోర్జాండో కూడా ఉచితమే. రీపర్ 60 రోజులు ఊరికే వాడి చూడొచ్చు, తర్వాత మామూలోళ్లకి లైసెన్స్ 60 డాలర్లు. సుపీరియర్ డ్రమ్మర్ 3 లాంటి పెద్ద డ్రమ్ శబ్దాల లైబ్రరీ మొత్తం దించుకోవాలంటే 230 జీబీ దాకా కావాల, నా ల్యాప్‌టాప్‌కి ర్యామే 8 జీబీ, డిస్క్ సగం పెళ్లి ట్రాకులతో నిండిపోయి ఉంటాది, కాబట్టి అట్లాంటివాటి జోలికి పోలేదు.

నిజంగా నాకు కళ్లు తెరిపించింది ఒక పెయిడ్ డ్రమ్ ప్లగిన్, అంటే రీపర్ లాంటిదాంట్లో తగిలించుకునే సాఫ్ట్‌వేర్. పేరు వద్దులే. డబ్బు కట్టి కొన్నా, నొటేషన్ వేసినా, ప్లే నొక్కితే హైహ్యాట్ తాళాలు రావాల్సిన చోట టామ్ డ్రమ్ మోగుతా ఉంది, స్నేర్ దగ్గర ఏదో కర్ర చప్పుడు. రెండు రోజులు నా రాతలోనే తప్పుందని వెతికినా. రాతలో ఏం లేదు. నొటేషన్‌లో మనం పెట్టే ప్రతి గుర్తు వెనక ఒక మిడి నంబర్ ఉంటాది, ఏ నంబర్‌కి ఏ వాయిద్యమో చెప్పే, 1991లో వచ్చిన జనరల్ మిడి లెక్క ప్రకారం కిక్ 36, స్నేర్ 38, మూసిన హైహ్యాట్ 42, తెరిసింది 46, క్రాష్ 49, రైడ్ 51. ఆ ప్లగిన్‌కి దాని సొంత లెక్క ఉంది, మార్చుకునే దారి నాకు యాడా కనపడలేదు. ఇంకో తిరకాసు, నోట్ పేరు చెప్పేటప్పుడు 36ని ఒక సాఫ్ట్‌వేర్ సి1 అంటాది, ఇంకోటి సి2 అంటాది, అందుకే పేర్లు వదిలేసి నంబర్లే చూడండి. శబ్దం ఎంత బాగున్నా మ్యాప్, అంటే ఏ నంబర్‌కి ఏ శబ్దం అన్న లెక్క, మన చేతిలో లేకపోతే ఆ శాంప్లర్ నొటేషన్ రాసేవాళ్లకి పనికిరాదు, ఇది నా గట్టి అభిప్రాయం.

స్ఫోర్జాండోలో ఆ మ్యాప్ మొత్తం మన చేతిలోనే ఉంటాది. అది చదివేది ఎస్ఎఫ్‌జెడ్ ఫైల్, అంటే నోట్‌ప్యాడ్‌లో రాసుకునే మామూలు టెక్స్ట్. ఈ వేవ్ ఫైల్ 36కి మోగాల, ఇది 38కి మోగాల అని లైను లైనుగా రాసుకుంటాం, అంతే. మెల్లగా కొట్టిన దెబ్బకి ఒక రికార్డింగ్, గట్టిగా కొట్టినదానికి ఇంకోటి అని వెలాసిటీ (దెబ్బ బలం) హద్దులు పెట్టొచ్చు, అప్పుడే ఘోస్ట్ నోట్స్, అంటే నడుమ నడుమ మెత్తగా తగిలించే దెబ్బలు, ఘోస్ట్ నోట్స్ లెక్క వినపడతాయి. ఒకే దెబ్బని నాలుగు సార్లు రికార్డ్ చేసి వరస తిప్పించొచ్చు, దాన్ని రౌండ్ రాబిన్ అంటారు, ఇది లేకపోతే స్నేర్ రోల్ కుట్టుమిషన్ తిరిగినట్టు ఉంటాది. తెరిసిన హైహ్యాట్ మోగుతా ఉండగా మూసినది పడితే పాతది ఆగిపోవాల కదా, దానికీ ఒకటి రెండు మాటలు రాస్తే చాలు.

కొత్తవాళ్లు తప్పకుండా ఇరుక్కునే చోటు ఒకటి ఉంది. డ్రమ్ శాంపిల్‌కి వన్ షాట్ అని రాయకపోతే నోట్ అయిపోంగనే శబ్దం కూడా కోసినట్టు ఆగిపోతాది, పదహారో వంతు నోట్ పెట్టిన క్రాష్ "ట్సు" అని చచ్చిపోతాది. నాకూ మొదట అట్లానే అయ్యింది. ఆ ఒక్క లైను పెట్టినాక మొత్తం తాళం ఊపిరి పీల్చుకున్నట్టయింది.

ఇంక నేను దీన్ని వదలకుండా పట్టుకునేదానికి అసలు కారణం మా పలక, పుల్లలతో వాయించే తోలు వాయిద్యం. రెడీమేడ్ కిట్‌లో రాక్ ఉంది, జాజ్ ఉంది, పలక యాడుంది? పీర్ల పండగలో గూగూడు కుళ్లాయిస్వామి దగ్గర పలకల మోత విన్నోళ్లకి ఆ శబ్దం ఏందో చెప్పాల్సిన పని లేదు. తెలిసిన పెద్దాయన్ని బతిమాలి ఒక పొద్దున మేడ మీద రికార్డింగ్ పెట్టుకున్నా. పలక మంటకి కాపినాక చర్మం బిగుసుకుని ఖంగుమంటాది, కాసేపటికి మళ్లీ సడలిపోతాది, అందుకని ఒక్కో కాపుడుకి ఒక్కో రకం దెబ్బ మొత్తం పూర్తి చేసుకున్నాం, లేకపోతే మెత్తటి దెబ్బ ఒక శృతిలో, గట్టి దెబ్బ ఇంకో శృతిలో వస్తాయి. లావు పుల్లతో నడుమ దెబ్బ, అంచు దెబ్బ, సన్న పుల్లతో విడి దెబ్బ, అదిమి కొట్టేది, నాలుగు రకాలు, ఒక్కోదానికి మూడు బలాలు, ఒక్కో బలానికి నాలుగు సార్లు, మొత్తం 48 ఫైళ్లు. "నాయనా, ఒకే దెబ్బ ఇన్నిసార్లు ఎందుకు?" అని ఆయన అడిగినాడు, సాయంత్రం రౌండ్ రాబిన్ పెట్టి వినిపిస్తే మాట్లాడకుండా తల ఊపినాడు.

వీటికి 60 నుంచి 63 దాకా నంబర్లు ఇచ్చినా. జనరల్ మిడిలో అవి బోంగో, కాంగా నంబర్లు, కాబట్టి నా శాంపిల్స్ లేనోళ్లు ఫైల్ తెరిసినా కనీసం తోలు వాయిద్యమే మోగుతాది. మ్యూజ్‌స్కోర్‌లో డ్రమ్‌సెట్ ఎడిట్ చేసి ఏ నంబర్ ఏ గీత మీద ఉండాలో, నోట్ తల గుండ్రంగానా ఇంటూ గుర్తా అన్నది కూడా పెట్టుకోవచ్చు. పిల్లోళ్లకి తకిట తకధిమి అని నోటితో చెప్పి, అదే 7/8లో రాసి చూపించి, వెంటనే పలక మీద వినిపిస్తే ఎంత త్వరగా పట్టుకుంటారో చూడాల మీరు.

ఒకటి మాత్రం దీంతో కాలేదు, ఉరుము. మా జిల్లా ఉరుముల వాయిద్యంలో ఒక పక్క పుల్లతో రుద్దితే వచ్చే ఆ గర్జన ఉంది కదా, అది దెబ్బ కాదు, పెరుగుతా తగ్గుతా సాగే శబ్దం. పొట్టి, మధ్యరకం, పొడుగు అని మూడు రుద్దుళ్లు వేరే నంబర్లకి పెట్టినా, గుర్తు పట్టేటట్టు ఉంది గానీ ప్రాణం రాలేదు. శాంప్లర్ తప్పని నేను అనను, ఆ శబ్దం ముక్కలకి లొంగేది కాదు.

స్ఫోర్జాండో లోట్లు కూడా చెప్పాల. మ్యాప్ బొమ్మల్లో జరుపుకునేది కాదు, టెక్స్ట్ రాయాల, ఫైల్ పేరులో ఒక అక్షరం తప్పితే ఆ దెబ్బ మోగదు. ఒకసారికి ఒక ఫైలే, పలకకి ఒకటి డ్రమ్స్‌కి ఒకటి కావాలంటే రెండు ట్రాకుల్లో రెండు తెరవాల. టెక్స్ట్ అంటే చిరాకు ఉన్నోళ్లు ఎంటీ పవర్ డ్రమ్ కిట్ 2 చూడండి, అదీ ఉచితమే, మామూలు కిట్ శబ్దం వరకు బాగుంటాది.

మిడి ఫైల్‌ని రీపర్‌లోకి లాగినప్పుడు టెంపో కూడా తీసుకోమంటావా అని అడుగుతాది, అవును అనండి, లేకపోతే పలక మెల్లగా మొదలై వేగం పెంచుకుంటా పోయే పాఠాలు మొత్తం ఒకే నడకలో వస్తాయి. ఊరికే ప్లే చేసి వినేదానికి రీపర్‌లో బఫర్ (కంప్యూటర్ శబ్దాన్ని ముందే కూడేసుకునే కొలత) 1024 పెట్టుకోండి, పటపట చప్పుళ్లు రావు. ప్యాడ్ తగిలించి లైవ్‌గా వాయించాలంటే మాత్రం శబ్దం ఆలస్యం కాకుండా ఏసియో అనే ఆడియో డ్రైవర్ వేసుకుని 128కి దించాల.

నా రేటింగ్ 5కి 4.5. మొదలుపెట్టేవాళ్లు 36, 38, 42 మూడు శబ్దాలతోనే ఒక ఫైల్ రాసి మోగించండి, అది మోగినాక మీ ఊరి వాయిద్యం ఏదుంటే అది రికార్డ్ చేసేదానికి పోండి. పలక ఫైల్ రాయడంలో ఎవరైనా యాడైనా ఆగిపోతే కింద అడగండి, నా దాంట్లో లైన్లు ఉన్నదున్నట్టు పెడతా.