సంజీవయ్య గారి జయంతి బోర్డులు చేయించిన ఫ్లెక్స్ షాపు – రాజ్‌విహార్ దగ్గర, కర్నూలు

కర్నూల్లో ఫ్లెక్స్ కొట్టే షాపులకు కొదవ లేదు, కానీ మనం ఇచ్చిన మ్యాటర్ చదివి ప్రింట్‌కి పంపేవాళ్లు శానా తక్కువ, అందుకే దీని గురించి రాస్తున్నా. రాజ్‌విహార్ సెంటర్ దగ్గర సందులో ఉంటుంది, కింద జిరాక్స్, పైన డీటీపీ.

మాది కల్లూరు సైడు. మన మాజీ ముఖ్యమంత్రి దామోదరం సంజీవయ్య గారు పుట్టిన పెద్దపాడు మాకు పక్కనే. ఫిబ్రవరి 14న ఆయన జయంతికి స్కూలు పిల్లలకు అర్థమయ్యేటట్టు ఆయన జీవితం మొత్తం బోర్డుల మీద పెడదామని మా కమిటీ అనుకుంది. పోయినేడు ఇంకో షాపులో ఇస్తే సంజీవయ్య గారి పేరు మీద నీలం సంజీవరెడ్డి గారి ఫోటో పెట్టి కొట్టేసినారు, అడిగితే గూగుల్లో అదే వచ్చిందన్నా అన్నారు. ఇద్దరూ మన సీమ పెద్దోళ్లే, కాదనను, కానీ సొంత జిల్లాలో ఆయన మొహం ఆయనకు దక్కకపోతే ఎంత బాధ చెప్పండి.

ఇక్కడ డీటీపీ చేసే అమ్మాయి టైప్ చేస్తా చేస్తా ఆగి, "సార్, సీఎం అయినప్పుడు వయసు 39 అని రాసినారు, పుట్టింది 1921 ఫిబ్రవరి, సీఎం అయింది 1960 జనవరి 11, ఇంకా 39 నిండలేదు కదా, 38 అని పెట్టాలా?" అని అడిగింది. మ్యాటర్ రాసిచ్చిన మా పెద్దాయన వేళ్ల మీద లెక్కేసుకుని "అవునమ్మా, 38 పెట్టు" అన్నాడు. 38 ఏళ్లకే ముఖ్యమంత్రి, అదీ దేశంలోనే ఆ కుర్చీలో కూర్చున్న మొదటి దళితుడు! ఆ అంకె పెద్దగా కనపడాలని అడిగితే ఓనరన్న మొత్తం లేఅవుట్ మార్చి ఇచ్చినాడు, దానికి ఎక్స్‌ట్రా అడగలేదు.

అనంతపురం దత్తమండల కాలేజీలో డిగ్రీ, మద్రాసులో లా చదువు, 1952లో మద్రాసు అసెంబ్లీ, రాజాజీ మంత్రివర్గంలో మంత్రి, ఇవన్నీ ఒకే బోర్డులో కుక్కితే ఎవరూ చదవరని రెండు చేయమని వాళ్లే చెప్పినారు. నీలం గారు కాంగ్రెస్ అధ్యక్షుడిగా పోతే సంజీవయ్య గారు సీఎం అయ్యి, 1962లో మళ్లీ నీలం గారే రావడం, అదే ఏడు సంజీవయ్య గారు కాంగ్రెస్ జాతీయ అధ్యక్షుడవడం, ఇది చెప్తేనే తికమకగా ఉంటుంది, బాణం గుర్తులు పెట్టి ఎంత నీట్‌గా చూపించినారంటే ఏడో తరగతి పిల్లోడు కూడా చూసి చెప్పేసినాడు.

జనం ఎక్కువ ఆగింది మాత్రం పింఛన్ల బోర్డు దగ్గర. మన రాష్ట్రంలో ముసలోళ్లకు పింఛను మొదలైంది ఆయన హయాంలోనే, ఏసీబీ పెట్టింది కూడా అప్పుడే, 1961లో. ఒక అవ్వ మనవడితో చదివించుకుని "నాకొచ్చే పింఛను మన పెద్దపాడాయన మొదలుపెట్టిందా?" అని అడిగి, ఫోటోకి దండం పెట్టింది. అక్షరాలు అంత పెద్ద సైజులో పెట్టించింది కూడా ఆ డీటీపీ అమ్మాయే, ముసలోళ్లు కూడా చూస్తారు కదా సార్ అని.

లోపాలు కూడా చెప్పాల. పాత బ్లాక్ అండ్ వైట్ ఫోటోలు రొంత నల్లగా పడినాయి. ఒక ఫ్లెక్స్‌కి మూల ఐలెట్ (తాడు కట్టే రింగు) ఊడొచ్చింది, మేమే తాడు కుట్టుకున్నాం. పొద్దున ఇస్తామన్నది సాయంత్రం చీకటి పడినాక ఇచ్చినారు. గాజులదిన్నె ప్రాజెక్టు బోర్డు మాత్రం, అదే సంజీవయ్య సాగర్, కలర్ బ్రహ్మాండంగా వచ్చింది. రేటు పక్క షాపుల కంటే అడుగుకి కొంచెం ఎక్కువే, ప్రూఫ్ వాట్సాప్‌లో పంపి మనం ఓకే అనేదాకా మిషన్ మీదికి ఎక్కించరు కాబట్టి నేనైతే ఇస్తా.

ఫోటోలు వాట్సాప్‌లో పంపితే పగిలిపోతాయి, పెన్‌డ్రైవ్‌లో తీసుకుపోండి. ఏప్రిల్ 14 అంబేడ్కర్ జయంతికి కావాలంటే మార్చిలోనే చెప్పుకోండి, తర్వాత వాళ్లకు ఖాళీ ఉండదు.