ఒక్క ‘గెట్’ మీద ఆరు క్లాసులు: శ్రీకాకుళంలో ఓ స్పోకెన్ ఇంగ్లిష్ బ్యాచ్ ఎలా ఉంది?

ఏడు రోడ్ల కూడలి నుంచి నడిచి వెళ్ళేంత దూరంలో, మేడ మీద రెండు గదుల్లో నడిచే సెంటరు ఇది. మామూలు స్పోకెన్ ఇంగ్లిష్ కోర్సు కాక, ‘గెట్’ అనే ఒక్క క్రియ మీదే ఆరు రోజుల బ్యాచ్ ఒకటి విడిగా పెడుతున్నారు. రోజుకి గంటన్నర. పొద్దున్న ఆరున్నరకి ఒకటి, సాయంత్రం ఆరింటికి ఒకటి. ఫీజు 600 రూపాయలు, 40 పేజీల నోట్సు అందులోనే. నోట్సు ఒక్కటే కావాలంటే 80. ముందే ఒక మాట: క్లాసు బాగుంది, నోట్సు బాగోలేదు. రెండూ ఒకరే తయారుచేశారంటే నమ్మబుద్ధి కాదు.

ఒక్క మాటకి ఆరు రోజులెందుకు అనేవాళ్ళు ఈ ఐదూ చూడండి: ఉద్యోగం వచ్చింది, కోపం వచ్చింది, అర్థమైంది, ఇంటికి చేరాను, జుట్టు కత్తిరించుకున్నాను. ఐదింటికీ ఇంగ్లిష్‌లో గెట్ సరిపోతుంది. అలాగని ఐదు అర్థాలు బట్టీ పట్టినా లాభం లేదు, రేపు ఆరోది ఎదురవుతుంది.

మొదటి రోజు మేడమ్ బోర్డు మీద ‘గెట్ అంటే పొందు’ అని రాసి, దాన్ని అడ్డంగా కొట్టేస్తారు. స్కూల్లో అందరం నేర్చుకున్నది అదే కాబట్టి ఆ కొట్టివేత అవసరమే. ‘ఇట్ ఈజ్ గెటింగ్ డార్క్’ అన్నప్పుడు చీకటిని పొందేది ఎవరు? ‘వేర్ డిడ్ యు గెట్ దిస్ శారీ?’ అంటే చీర ఎక్కడ కొన్నావని. పొందూరు చీరనైనా కొంటాం గాని పొందం. అందుకే ఇక్కడ అర్థం అడగరు, గెట్ తర్వాత ఏం వచ్చిందని అడుగుతారు. వస్తువు వస్తే దొరకడం, తేవడం, కొనడం, అందడం. టైర్డ్, యాంగ్రీ, డార్క్ లాంటి మాట వస్తే అవడం, అలా మారడం. చోటు వస్తే చేరడం: ‘వి గాట్ హోమ్ ఎట్ టెన్’. హోమ్, హియర్, దేర్ ముందు టు రాదు, ఊరి పేరు ముందు వస్తుంది: ‘గాట్ టు పలాస’. టు తర్వాత ఇంకో క్రియ వస్తే అవకాశం దొరకడం: ‘ఐ గాట్ టు సీ ద సిరిమాను’ అంటే పైడితల్లి జాతరలో సిరిమానుని చూసే భాగ్యం కలిగిందని. ఈ నాలుగూ అట్టముక్కల మీద రాసి పంచుతారు. ఒకరు ముక్క చూపిస్తే పక్కవాళ్ళు వాక్యం చెప్పాలి. ఇరవై నిమిషాల్లో గదంతా గోలగోలగా ఉంటుంది, కానీ పని జరుగుతుంది.

కట్టిన డబ్బులకి నిజంగా విలువ దక్కేది మూడో రోజు. దాన్ని ‘నాకు’ క్లాసు అంటారు. తెలుగులో మనకేదైనా జరిగితే కర్త మనం కాదు. కోపం వచ్చింది, దెబ్బ తగిలింది, సీటు వచ్చింది, అర్థమైంది, అన్నిటి ముందూ ‘నాకు’ పెట్టి పక్కకి తప్పుకుంటాం. ఇంగ్లిష్‌లో ఆ ‘నాకు’ని లాగి ‘ఐ’గా ముందు కూర్చోబెట్టి, గెట్ తగిలించాలి. ఐ గాట్ యాంగ్రీ, ఐ గాట్ హర్ట్, ఐ గాట్ ఎ సీట్, ఐ గెట్ ఇట్. తెలుగు వాక్యం మనసులో అనుకుని మాట్లాడేవాళ్ళకి ఇంతకంటే పనికొచ్చే వంతెన లేదు.

కానీ ఆ వంతెన కొన్నిచోట్ల విరిగిపోతుంది. అక్కడ ఆపి చూపించడమే ఈ క్లాసు గొప్ప. ‘నాకు ఆలస్యమైంది’ని అదే లెక్కన ‘ఐ గాట్ లేట్’ అనేస్తాం. ఐ వాజ్ లేట్ అనాలి. ‘ఇట్ గాట్ లేట్’ తప్పు కాదు గాని, దానికి పొద్దుపోయిందని అర్థం. ‘నాకు డౌటొచ్చింది’ని ‘ఐ గాట్ ఎ డౌట్’ అంటే, బయటివాళ్ళకి ‘మీ మీద నాకు నమ్మకం కుదరడం లేదు’ అన్నట్టు వినిపిస్తుంది. ఐ హావ్ ఎ క్వశ్చన్ అనాలి. ‘నిద్ర పట్టడం లేదు’కి ‘ఐ యామ్ నాట్ గెటింగ్ స్లీప్’ మనవైపు ఎక్కడ విన్నా వినిపిస్తుంది. ‘ఐ కాంట్ గెట్ టు స్లీప్’ అంటే చాలు. ‘ఐ యామ్ గెటింగ్ హంగ్రీ’ మాత్రం సరైనదే, ఆకలి ఇప్పుడిప్పుడే మొదలవుతోందని. కడుపు కాలిపోతుంటే ‘ఐ యామ్ హంగ్రీ’. ఇంకోటి, తెలుగులో ‘అందిందా?’ అంటే సరిపోతుంది, ఏది అని చెప్పక్కర్లేదు. ఆ అలవాటుతో ‘డిడ్ యు గెట్?’ అని ఆపేస్తాం. చివర ‘ఇట్’ లేకపోతే ఆ వాక్యం కుంటుతుంది.

ఎక్కడం, దిగడం మీద అరగంటే పెట్టారు, అది చాలు. లోపల నిలబడి నడవగలిగే వాటికి, అంటే బస్సు, రైలు, విమానానికి, గెట్ ఆన్, గెట్ ఆఫ్. మీదెక్కి కూర్చునే బైకుకీ అంతే. వంగి దూరి కూర్చునే కారుకీ ఆటోకీ గెట్ ఇన్, గెట్ అవుట్ ఆఫ్. ఆమదాలవలసలో రైలు దిగి ఆటో ఎక్కితే ‘గాట్ ఆఫ్ ద ట్రైన్, గాట్ ఇన్ యాన్ ఆటో’. స్టేషన్ బోర్డు మీద శ్రీకాకుళం రోడ్ అనే ఉంటుంది కాబట్టి ఇంగ్లిష్‌లో చెప్పేటప్పుడు ఆ పేరే వాడమని కూడా చెబుతారు, పనికొచ్చే సలహా. ‘ఏటి మేడమ్, దిగితే డౌన్ కాదా?’ అని ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు అడిగే ప్రశ్నే. నిచ్చెన, చెట్టు, గోడ దిగితే గెట్ డౌన్. బస్సుకి గెట్ ఆఫ్. ‘గెట్ డౌన్ ఫ్రమ్ ద బస్’ మన దేశంలో అందరికీ అర్థమవుతుంది గాని, పరాయి దేశంలో ఎవరైనా ‘గెట్ డౌన్!’ అని అరిస్తే ముందు తల వంచాలి, దిగే మెట్టు వెతక్కూడదు. క్లాసులో ఇంత చెప్పి, నోట్సు పన్నెండో పేజీలో మాత్రం ‘గెట్ డౌన్ ఫ్రమ్ ద బస్’ అనే అచ్చేశారు.

ఇక్కడే ఇంకో చిన్న ముచ్చట. మనవైపు ‘ఎక్కీసేను, దిగీసేను’ అంటాం కదా, ఆ ‘ఈసే’లో పని అయిపోయిందన్న భరోసా ఉంటుంది. దానికి సరిపడేది ‘హావ్ గాట్ ఆన్’ అని చెబుతారు. వ్యాకరణం ప్రకారం సరే. ఫోన్లో ఇంటివాళ్ళు అడిగినప్పుడు మాత్రం ‘ఐ యామ్ ఆన్ ద బస్’ అనేదే సహజం.

నాలుగో రోజు ‘చేయించడం’. ‘ఐ కట్ మై హెయిర్’ అంటే కత్తెర మీ చేతిలోనే ఉందని. మంగలి షాపుకి వెళ్ళినవాళ్ళు ‘ఐ గాట్ మై హెయిర్ కట్’ అనాలి. గెట్, తర్వాత వస్తువు, తర్వాత క్రియ మూడో రూపం, వరస ఇదే. ‘గాట్ రిపేర్డ్ మై ఫోన్’ అని తిరగేస్తే చెడిపోతుంది. మనిషి చేత చేయిస్తే టు కావాలి: ‘ఐ గాట్ హిమ్ టు సైన్’ అంటే నచ్చజెప్పి సంతకం పెట్టించాను. ‘మేడ్ హిమ్ సైన్’లో టు రాదు, అందులో బలవంతం ఉంది. ‘హ్యాడ్ హిమ్ సైన్’ అంటే పని అప్పగించి చేయించడం. ఈ మూడింటి తేడా ఇంత శుభ్రంగా చెప్పే సెంటర్లు తక్కువ. అయితే నోట్సులో ‘గాట్ హిమ్ సైన్’ అని టు లేకుండా ఉంది. మేడమ్ క్లాసులో దిద్దిస్తారు సరే, 80 పెట్టి నోట్సు మాత్రమే కొనుక్కెళ్ళినవాళ్ళ గతేమిటి?

ఐదో రోజు గెట్‌ని ఎక్కడ వాడకూడదో చెబుతారు. ‘గాట్ మ్యారీడ్’ పెళ్ళి జరిగిన సంగతి, ‘ఈజ్ మ్యారీడ్’ పెళ్ళయిన స్థితి. ‘మ్యారీడ్ విత్’ కాదు, ‘మ్యారీడ్ టు’. విజయనగరం కోట 1713లో కట్టారని రాయాలంటే ‘వాజ్ బిల్ట్’, ‘గాట్ బిల్ట్’ అనరు. బ్యాంకుకో ఆఫీసుకో రాసే ఉత్తరంలో ‘ఐ గాట్ యువర్ లెటర్’ బదులు ‘ఐ రిసీవ్డ్’. మాటల్లో గెట్ ఎంత చలామణీ అవుతుందో కాగితం మీద అంత దూరంగా ఉంచాలి. ‘హావ్ గాట్’ అంటే ఉందని, ‘ఐ హావ్ గాట్ ఎ సైకిల్’. నిరుడు ఉండేది అనాలంటే ‘ఐ హ్యాడ్ ఎ సైకిల్’, అంతే. నోట్సులో ‘హ్యాడ్ గాట్’ అని ఉన్నది కొట్టేయండి. గెట్ మూడో రూపాన్ని అమెరికాలో ‘గాటెన్’ అంటారు, బ్రిటన్‌లో గాట్. పరీక్షల్లో ఏదో ఒకటే పాటించండి.

ఇంతవరకూ బాగా నడిచిన బండి ఆరో రోజు బోల్తా పడుతుంది. గెట్ ఓవర్, గెట్ బై, గెట్ అవే విత్ అంటూ అరవై జంటలు ఒక్క గంటన్నరలో గుమ్మరిస్తారు. జాబితా చదివి వినిపించడానికి ఆరు వందలు ఎందుకు? పది చాలు. వేక్ అప్ అంటే మెలకువ రావడం, గెట్ అప్ అంటే మంచం దిగడం, ఈ తేడాతో మొదలుపెట్టి, గెట్ అలాంగ్ విత్, గెట్ ఓవర్, గెట్ రిడ్ ఆఫ్, గెట్ బ్యాక్ టు లాంటి రోజూ వాడేవి నేర్పితే సరిపోయేది. ఉచ్చారణ అసలు ముట్టుకోలేదు. ఫోన్లో అమెరికన్లు ‘గెటింగ్’ని దాదాపు గెడింగ్ అంటారు, ‘గాట్ టు’ గాటా అయిపోతుంది. కాల్ సెంటర్ ఇంటర్వ్యూకి వెళ్ళేవాళ్ళకి ఇది తెలియకపోతే చదివిందంతా చెవి దగ్గరే ఆగిపోతుంది. ఒక స్పీకరు, పది ఆడియో ముక్కలు పెడితే తీరే లోటు ఇది.

సాయంత్రం బ్యాచ్‌లో ముప్పై మంది దాకా ఉంటారు, రోజుకి రెండుసార్లు వంతు వస్తే గొప్ప. పొద్దున్న పన్నెండు మందికి మించరు, అదే నయం. టెన్త్‌లో ఇంగ్లిష్ గట్టెక్కి, వాక్యం కట్టగలిగి, మాట్లాడేటప్పుడు తడబడేవాళ్ళకి ఇది సరైన క్లాసు. ఈజ్, వాజ్ దగ్గరే తికమకపడేవాళ్ళు ముందు మామూలు కోర్సు చేయాలి. డెమో క్లాసు ఒకటి ఉచితం, అడక్కపోతే మొదటి రోజుది చూపిస్తారు. మూడో రోజుది కావాలని అడగండి, ఒప్పుకుంటారు. నోట్సు తీసుకుంటే పైన చెప్పిన మూడు తప్పులూ పెన్నుతో దిద్దుకుని చదవండి.