భీమిలిలో రూమ్, కొండకర్లలో పులుసు

ముందే చెప్పేస్తున్నాను. వైజాగ్‌లో ఇల్లుండి కూడా పక్కనే ఉన్న భీమిలిలో రూమ్ తీసుకునేంత తెలివితక్కువ పని ఎవరూ చేయకండి. నేను చేశాను. 2,300 రూపాయలు పోశాను, పక్షులు పోగొట్టుకున్నాను. పక్షుల సంగతి తర్వాత చెబుతాను.

మా అత్తయ్య గారు రాజమండ్రి నుంచి వచ్చి పది రోజులైంది. ఇంట్లో కూర్చోబెట్టడం బాగుండదని శని, ఆదివారాల్లో ఎటైనా వెళ్దామనుకున్నాం. ఆవిడ కోరిక ఒక్కటే, మరో చరిత్ర సినిమా తీసిన భీమిలి చూడాలి. 1978లో వాళ్ల నాన్నగారికి టైలరింగ్ క్లాసు అని చెప్పి మూడుసార్లు చూశారట. మా వాడికి పదేళ్లు. వాడి క్లాసులో ఎవడో కొండకర్ల ఆవ అనే సరస్సులో తాటిదోనె, అంటే తాటి మొద్దు పడవ, ఎక్కి వచ్చి గొప్పలు చెప్పాడు కాబట్టి వీడికీ దోనె కావాలి. మా ఆయనకి ఏదీ అక్కర్లేదు, ఖర్చు తగ్గితే చాలు. నలుగురికీ కలిపి 3,500 దాటకూడదని కాగితం మీద రాసుకున్నాను. ఆ కాగితం ఇప్పటికీ ఫ్రిజ్ మీద ఉంది, మా ఆయన తీయనివ్వడం లేదు.

ఖర్చు తగ్గుతుందని నాకు ధైర్యం ఇచ్చింది ఆర్టీసీయే. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ బస్సుల్లో టికెట్ లేదు కదా. ఆధార్ చూపిస్తే జీరో టికెట్ కొట్టి చేతిలో పెడతారు. అత్తయ్య గారికి అదొక సంబరం. కాంప్లెక్స్‌లో 900-కే నంబరు బస్సు ఎక్కగానే కండక్టర్ అడక్కముందే ఆధార్ తీసి పట్టుకున్నారు, తీసుకున్న జీరో టికెట్‌ని మడతపెట్టి పర్సులో దాచుకున్నారు. మా ఆయనకీ బాబుకీ కలిపి 75 అయింది. "మగాడిగా పుట్టినందుకు పన్ను" అని ఆయన గొణిగారు. బీచ్ రోడ్డు వైపు సీట్లు దొరికితే ఆ ప్రయాణానికి వేరే టికెట్ పెట్టినా ఇవ్వొచ్చు. రుషికొండ దాటుతుంటే కొండ మీద రామానాయుడు స్టూడియో కనిపించింది, మా వాడు హీరో ఎవరైనా కిటికీలోంచి కనిపిస్తాడేమోనని మెడ నొప్పెట్టేదాకా చూశాడు.

ఎర్రమట్టి దిబ్బల దగ్గర దిగాం. భీమిలికి కొంచెం ఇవతలే. ఇక్కడ పాటలు తీయని హీరో లేడేమో అనిపిస్తుంది. దూరం నుంచి మామూలు మట్టి గుట్టల్లాగే ఉంటాయి. లోపలికి దిగాక రెండు పక్కలా ఎర్రటి గోడలు లేస్తాయి, మధ్యలో వాన నీళ్లు కోసుకుపోయిన సందులు. గుప్పెడు తీసి వేళ్ల మధ్య రుద్దితే అరచేతికి కుంకుమలా అంటుకుంది. సముద్రం, గాలి వేల ఏళ్లు పోగేసిన ఇసుక ఇది, అందులోని ఇనుము తుప్పు పట్టి ఇలా ఎర్రబడింది. ఇలాంటివి మన దక్షిణాసియాలో తమిళనాడులోనూ శ్రీలంకలోనూ తప్ప ఇంకెక్కడా లేవంటారు. 2014లో దీన్ని భూవారసత్వ స్థలంగా ప్రకటించారు. అంత పెద్ద పేరున్న చోట మా కాళ్లకి ముందుగా తగిలింది బిర్యానీ డబ్బా. మా వాడు గోడ మీంచి జారబోతే నేనే ఆపాను, ఆ గోడలు ఒక్కో అడుగుకీ రాలిపోతాయి. చెప్పులు వేసుకోకండి, బూట్లు వేసుకోండి. తెల్ల బట్టలు అసలే వద్దు.

అక్కడి నుంచి భీమిలికి ఆటో 200. ఊళ్లో నాలుగు భోజనాలు 480. భోజనం గురించి చెప్పడానికేమీ లేదు, సాంబారు వేడిగా ఉంది.

ఇక రూమ్. ఫోన్‌లో 1,499 అని, "సీ వ్యూ" అని చూపించింది. ఫొటోలో కిటికీ నిండా నీలం. అత్తయ్య గారు పొద్దున్నే లేచి మంచం మీంచే సముద్రం చూస్తారని ఊహించుకుని నేనే బుక్ చేశాను. కౌంటర్‌లో ఉన్న కుర్రాడు మమ్మల్ని నలుగురినీ పైకీ కిందికీ చూసి, మామ్మగారికి ఎక్స్‌ట్రా బెడ్ 400, బాబుకి ఎనిమిదేళ్లు దాటాయి కాబట్టి 200 అన్నాడు. సరేనన్నాం. ఆపైన జీఎస్టీ 18 శాతం అని 2,477 వేశాడు. మా ఆయన అకౌంట్స్ మనిషి. ఎక్కడైనా నోరు మూసుకుంటారు గానీ పన్ను లెక్క తప్పితే ఊరుకోరు. రోజుకి 7,500 లోపు రూమ్‌కి 18 లేదని, 2025 సెప్టెంబరు 22 నుంచి 12 కూడా పోయి 5 శాతమే అయిందని, 105 రూపాయలు తీసుకోమని ఆయన. సిస్టమ్ అప్‌డేట్ అవలేదని వాడు. అయితే 18తోనే బిల్లు ఇవ్వమని ఆయన. బిల్లు వద్దనుకుంటే 2,300కి చూస్తానని వాడు! పావుగంట నడిచింది ఈ బేరం. ఈలోగా అత్తయ్య గారు నా చెవిలో "అమ్మాయ్, నాకు అర్జంటుగా బాత్‌రూమ్‌కి వెళ్లాలి" అన్నారు. 2,300 ఇచ్చేశాం. బిల్లు లేదు.

సముద్రం మాత్రం ఉంది, అబద్ధం చెప్పకూడదు. కిటికీ దగ్గర కుడివైపు గోడకి చెంప ఆనించి నిలబడితే, పక్క మేడ మీద నల్ల నీళ్ల ట్యాంకుకీ సెల్ టవర్‌కీ మధ్య బెత్తెడు నీలం. అది చూపించి "ఉందిగా మేడమ్" అన్నాడు కుర్రాడు. దుప్పట్లు నాఫ్తలీన్ ఉండల వాసన. ఎక్స్‌ట్రా బెడ్ అంటే నేల మీద వేసిన పలచటి పరుపు, దాని మీద మరక ఒకటి శ్రీలంక మ్యాప్‌లా. అత్తయ్య గారు ఏమీ అనలేదు, సంచిలోంచి తన పాత నూలు చీర తీసి పరుపు మీద పరిచారు. ఆవిడ ఏమీ అనకపోవడమే నాకు ఎక్కువ గుచ్చుకుంది. వేడినీళ్లు ఆరు నుంచి ఏడు వరకే అన్నారు, పైపులోకి వచ్చింది ఏడూ ఇరవైకి. పక్క గదిలో ఎవరిదో పుట్టినరోజు ఒంటిగంట వరకూ జరిగింది. ఆన్‌లైన్‌లో ఫొటో చూసి బుక్ చేసేవాళ్లు ముందు ఫోన్ చేసి మూడు అడగండి: మనుషుల్ని బట్టి ఎక్స్‌ట్రా ఎంత, పన్నుతో కలిపి మొత్తం ఎంత, బిల్లు ఇస్తారా. మూడోదానికి గొంతు సాగదీస్తే ఇంకో చోటు చూసుకోండి.

సాయంత్రం మాత్రం బాగా గడిచింది. గోస్తని నది సముద్రంలో కలిసే వైపు నడిచాం. డచ్చివాళ్ల పాత సమాధులు, లైట్‌హౌస్ చూశాం. ఇక్కడ సినిమా తీశారని చెప్పే బోర్డు మాకైతే ఒక్కటీ కనబడలేదు. అత్తయ్య గారు ప్రతి రాయి దగ్గరా ఆగి "ఇదే అనుకుంటా" అన్నారు. బజ్జీల బండాయన కలగజేసుకుని "అది ఇక్కడ కాదు మామ్మా, అవతలేపు" అన్నాడు. ఆయనకి ముప్ఫై ఏళ్లుండవు. "నువ్వు పుట్టక ముందు మూడుసార్లు చూశాను బాబూ" అని ఆవిడ ఎదురు తిరిగారు. చివరికి ఒక రాయి మీద కూర్చుని చాలాసేపు మాట్లాడలేదు. లేచేటప్పుడు అన్నారు, "బ్లాక్ అండ్ వైట్ సినిమా కదమ్మాయ్, సముద్రం బూడిద రంగులో ఉంటుందనే అనుకున్నాను ఇన్నాళ్లూ." పొద్దు వాలి నీళ్లు నిజంగానే బూడిద రంగుకి తిరుగుతున్నాయి అప్పుడు. రాత్రి టిఫిన్లు 260.

ఆదివారం నా ప్లానింగ్ బండారం బయటపడింది. వైజాగ్‌కి ఈ చివర భీమిలి, ఆ చివర అనకాపల్లి జిల్లాలో కొండకర్ల. పొద్దున టీలు 60 తాగి, భీమిలి నుంచి మళ్లీ కాంప్లెక్స్‌కి 75, అక్కడి నుంచి అనకాపల్లికి ఇంకో 75. ఇంట్లో పడుకుని ఉంటే ఆరున్నరకల్లా ఆవ దగ్గర ఉండేవాళ్లం. మేం చేరేసరికి పదకొండున్నర. అనకాపల్లిలో ఆటో రానూపోనూ, అక్కడ ఆగడంతో కలిపి 800 మాట్లాడుకున్నాం. చెరకు తోటల మధ్య దారి, ఒకచోట బెల్లం కాస్తున్న వాసన.

పల్లంలో ఏడాది పొడుగునా నీళ్లు నిలిచే చోటుని మా వైపు ఆవ అంటారు. కొండకర్ల ఆవ, కొల్లేరు తర్వాత మన రాష్ట్రంలో పెద్ద మంచినీటి సరస్సని చెబుతారు. చలికాలంలో వలస పక్షులు దిగుతాయి. దోనె అంటే తాటి మొద్దు మొదలు తొలిచి, అలాంటివి రెండు పక్కపక్కన జతకట్టింది. మొద్దులో కాళ్లు ముడుచుకుని కూర్చుంటే అంచుకీ నీళ్లకీ మధ్య జానెడు కూడా ఉండదు. మనిషికి వంద, నలుగురికి 400, రెండు దోనెలు. లైఫ్ జాకెట్ ఉందా అంటే దోనె ఆయన నవ్వి, "బొడ్డులోతే నమ్మా, ఊగకుండా కూకోండి" అన్నాడు. నాకు నచ్చలేదు. చిన్నపిల్లలుంటే జాకెట్ మీరే తీసుకెళ్లండి. దోనె కదిలాక మాత్రం నా టెన్షన్ ఎటో పోయింది. వెదురు గెడ నీళ్లలో దిగే చప్పుడు తప్ప ఇంకో చప్పుడు లేదు. గెడ పైకి తీసినప్పుడల్లా తామర తూడు చుట్టుకుని వచ్చేది, ఆయన చూడకుండానే బొటనవేలితో తోసేసేవాడు. తామరాకు మీద పొడుగు వేళ్ల పిట్ట ఒకటి ఆకు మునగకుండా నడుచుకుంటూ పోయింది. కొంగలు దూరంగా చుక్కల్లా ఉన్నాయి. "పక్సులు కావాలంటే తెల్లారగట్ల రావాల, ఎండెక్కితే గడ్డిలో దూరిపోతాయి" అన్నాడాయన. మా ఆయన నా వైపు చూశారు. నేను తామరపూల వైపు చూశాను.

అక్కడ హోటల్ ఏమీ ఉండదని తెలియక టిఫిన్ డబ్బా తెచ్చుకోలేదు నేను, అదో తప్పు. ఆటో అతనే తనకి తెలిసిన వాళ్లింట్లో వండించాడు. పెద్దవాళ్లకి 150, బాబుకి 100, మొత్తం 550. వరండాలో చాప, విస్తరాకులు, సత్తు డేకిసాలో ఆవలో పట్టిన చేపల పులుసు. అత్తయ్య గారికి చేపల పులుసంటే గోదావరి జిల్లాలకి ఇవతల ఎవరికీ రాదని గట్టి నమ్మకం. మొదటి ముద్ద అనుమానంగా పెట్టుకున్నారు. రెండో ముద్దకి మాట ఆగిపోయింది. మూడోసారి పులుసు పోయించుకుని, వండినావిడని పిలిచి, "బెల్లం వేశావా?" అన్నారు. "ఎయ్యకపోతే ఎలాగమ్మా, అనకాపల్లి పక్కనుండి" అందావిడ. ఇద్దరూ వంటింట్లోకి వెళ్లి అరగంట బయటికి రాలేదు. వాళ్లేం మాట్లాడుకున్నారో గానీ, తిరిగొస్తూ అనకాపల్లిలో రెండు కిలోల బెల్లం కొన్నారు, తన డబ్బులతోనే.

ఇంటికి బస్సు 75. ఆవిడ బెల్లం కాక మొత్తం 5,350. రూమ్, ఆ రాత్రి టిఫిన్లు తీసేస్తే 2,790, నా కాగితం లెక్క లోపలే. రెండు రోజులూ పొద్దున బయల్దేరి రాత్రికి ఇంటికొచ్చేయండి. ఆవకి మొదటి రోజు, చీకటితో. భీమిలికి రెండో రోజు, సాయంత్రం దాకా.

ఆ రాత్రి అత్తయ్య గారు రాజమండ్రిలో వాళ్ల చెల్లెలికి ఫోన్ చేశారు. ఆధార్ కార్డు, జీరో టికెట్, దోనె, పులుసులో బెల్లం, అన్నీ వరసగా చెప్పారు. చివర్లో గొంతు కొంచెం పెంచి, "రూమ్ మాత్రం ఏం రూమే! మంచం మీంచి లేవకుండా సముద్రం కనబడింది!" అన్నారు. మా ఆయనా నేనూ మొహమొహాలు చూసుకున్నాం.